డైరీలో దాచిన చీటీ

2023 వర్షాకాలం. నారాయణగూడ చౌరస్తాకు కాస్త లోపలగా, ఒక పాత మూడంతస్తుల భవనంలో మా సంతాన సాఫల్య కేంద్రం ఉంది. కింద మందుల షాపు, మొదటి అంతస్తులో డాక్టర్ల గదులు, ఆ పైన ల్యాబ్. ఆ ల్యాబ్‌లో నేను జూనియర్ ఎంబ్రియాలజిస్ట్‌ని. డాక్టర్ తీసి పంపిన అండాలను మైక్రోస్కోప్ కింద చూసి, శుభ్రం చేసి, గడ్డకట్టించి దాచడం నా పని. జనంతో ఎక్కువ మాట్లాడక్కర్లేదు కాబట్టే ఈ ఉద్యోగం ఎంచుకున్నానని మా బంధువులు అంటారు. అది సగం నిజం.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. విట్‌నెసింగ్ అంటాం, అంటే సాక్ష్యం. ఒక మనిషి అండం ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మారే ప్రతిసారీ ఇద్దరు ఉండాలి. ఒకరు పని చేస్తుంటే రెండోవాళ్లు గిన్నె మీది పేరు పైకి చదివి, సంతకం చేయాలి. మనసులో చదువుకుంటే కుదరదు. నాకు మొదట్లో అన్నిటికంటే కష్టమైంది ఇదే. మా ల్యాబ్ ఇన్‌చార్జి వసుంధర మేడమ్ ప్రతిసారీ అనేవారు. "గట్టిగా చదవమ్మా నీరజా. పక్కన నిలబడ్డ నాకే వినపడకపోతే ఇంక సాక్ష్యం ఏముంది?"

రెండో పద్ధతి చీటీలది. క్యాన్సర్ ఆసుపత్రుల నుంచి కొన్నిసార్లు, ఫలానా రోగిని పంపుతున్నామంటూ మాకు చీటీలు వస్తాయి. కీమోథెరపీ మందులు క్యాన్సర్ కణాలతో పాటు అండాలనూ దెబ్బతీస్తాయి. చికిత్స మొదలయ్యేలోపు కొన్ని అండాలు తీసి దాచగలిగితే తర్వాత పిల్లలు కనే దారి ఒకటి మిగులుతుంది. దానికి పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు ఇవ్వాలి. కీమో తేదీ మా కోసం ఆగదు. అందుకని చీటీ చేతిలో ఉండగానే రోగికి ఫోన్ చేయాలన్నది మేడమ్ పెట్టిన నియమం. తేదీలు చూసుకోవలసింది ల్యాబ్ కాబట్టి ఆ ఫోన్ కూడా మేమే చేస్తాం.

ఆ సోమవారం సాయంత్రం వచ్చిన చీటీ మీద పేరు స్వరూప. వయసు ఇరవై రెండు, పెళ్లి కాలేదు. మోకాలి పైన ఎముకలో క్యాన్సర్. కీమోకు చేరవలసింది సరిగ్గా రెండు వారాల తర్వాత సోమవారం. అడుగున కీమో డాక్టర్ చేతిరాతతో ఒక వాక్యం అదనంగా ఉంది. పిల్లల సంగతి తల్లే ముందుగా అడిగింది, వీలైనంత త్వరగా చూడగలరు.

ఆ వాక్యం రెండుసార్లు చదివాను. ఫోన్ చేయలేదు. చీటీని మడిచి, సంచిలో ఉన్న నా డైరీలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాను.

ఎందుకో చెప్పాలంటే నా సంగతి కొంత చెప్పాలి. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు లింఫోమా వచ్చింది. అది లింఫ్ గ్రంథుల క్యాన్సర్. తగ్గింది. ఇరవై ఏళ్లకు మళ్లీ వచ్చింది. రెండోసారి ఇచ్చిన మందులు చాలా గట్టివి. నేను బతికాను, నా అండాశయాలు బతకలేదు. ఇప్పటికీ రోజూ ఒక హార్మోన్ మాత్ర వేసుకుంటాను. ఈ ఉద్యోగంలో చేరిన రెండో నెలలో, ఆసుపత్రి ఫైళ్లలో ఏముంటుందో చదవడం వచ్చాక, ఇంట్లో బీరువా మీదున్న నా పాత ఫైలు దించి చదివాను. రెండో విడత మొదలయ్యే ముందు రోజు పేజీలో ఒక వాక్యం ఉంది. అండాలను దాచే విషయం తల్లితో చర్చించాం, వద్దన్నారు. కింద అమ్మ సంతకం. నాన్న అప్పటికే లేరు. నాకు ఇరవై నిండాయి, అయినా ఆ పేజీలో నా సంతకం లేదు. ఫైలు తిరిగి బీరువా మీద పెట్టేశాను. అమ్మను అడగలేదు.

క్యాన్సర్ నుంచి బయటపడ్డ నా వయసు వాళ్లు ఇంటర్నెట్‌లో రాసుకునే ఒక గ్రూపు ఉంది. నేను రాయను, చదువుతాను. ఒకమ్మాయి కెన్యా నుంచి రాస్తుంది, ఒకమ్మాయి పోలండ్ నుంచి. దేశాలు వేరు. మందుల పేర్లు ఒకటే, చివరికి వచ్చే మాట కూడా ఇంచుమించు ఒకటే. ముందుగా ఎవరైనా నాకు చెప్పి ఉంటే. ఆ మాట చదివితే నాకు ఒక రకమైన తోడు దొరికినట్టు ఉండేది. స్వరూప చీటీ ఆ తోడును లాగేసింది. ఈ పిల్లకు ఎవరో చెప్పారు. చెప్పడం కాదు, తల్లి తనంతట తాను అడిగింది. ఆ సాయంత్రం డైరీలో ఒకే మాట రాసుకున్నాను. ఈమెకే ఎందుకు?

మర్నాడు మధ్యాహ్నం దాకా కూడా ఫోన్ చేయలేదు. పని ఉందని నాకు నేను చెప్పుకున్నాను. పని లేదు. అండాలను దాచే ట్యాంకుల్లో ద్రవ నైట్రోజన్ ఎంత ఉందో చూడటం తప్ప ఆ పూట ఏమీ లేదు. చెక్క స్కేలును ట్యాంకులో ముంచి పైకి తీసి గాల్లో ఊపితే, ద్రవం ఉన్నంతమేర తెల్లగా మంచు పడుతుంది. దాన్ని చూసి రాసుకుంటాం. ఆ రోజు అన్ని ట్యాంకులూ రెండేసి సార్లు చూశాను.

భోజనాలయ్యాక ఇక చేయక తప్పలేదు. ఫోన్ ఎత్తింది స్వరూపే.

"అక్కా, జర ఆగు. లైబ్రరీల ఉన్న, బయటికొస్త." గుసగుసగా ఉన్న గొంతు నాలుగడుగులు వేయగానే పెద్దదైంది. "ఆ, చెప్పు. ఇప్పుడే రమ్మంటరా? చిక్కడపల్లిలనే ఉన్న, పది నిమిషాల్ల వస్త."

"డాక్టర్ గారు వెళ్లిపోయారండీ. రేపు పొద్దున రండి."

"అరే! పొద్దుగాల చేస్తే అయిపోవు కదా అక్కా. తెల్లారిన సంది ఫోన్ చేతుల పట్టుకొనే కూసున్న."

రేపు తొమ్మిదికి అని మాత్రం చెప్పి పెట్టేశాను.

బుధవారం పొద్దున తల్లీకూతుళ్లు వచ్చారు. మహబూబ్‌నగర్ వైపు వాళ్లు. తండ్రి తాపీ మేస్త్రి, తల్లి యాదమ్మ రాంనగర్‌లో కూరగాయలు అమ్ముతుంది. స్వరూప అశోక్‌నగర్‌లో గ్రూప్ పరీక్షల కోచింగ్ తీసుకుంటూ, రోజంతా చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకుంటుంది. ఖర్చు ఒక ట్రస్టు భరిస్తోంది. కుంటుతూనే మెట్లెక్కింది, ఆయాసపడుతూనే మాట్లాడింది. ఫారాలు నింపించడం నా వంతు. మా ఫారంలో భర్త పేరు అని ఒక గడి ఉంటుంది.

"ఈడ ఏం రాయాలె అక్కా?"

"వదిలేయండి."

"వదిలేస్తే మార్కులు పోతయి." పెన్ను తీసుకుని పెద్ద అక్షరాలతో 'ఖాళీ' అని రాసింది. "నోటిఫికేషన్ పడ్డంక భర్తీ చేస్తం."

యాదమ్మ ఆమె భుజం మీద ఒకటి కొట్టింది. "గిది దవఖాన. నోరు మూస్కో జరసేపు." తర్వాత నా వైపు వంగి, చిన్నగా అడిగింది. "పెండ్లి కాని పిల్ల. గిట్ల చేపిస్తే రేపు ఎవరన్న ఏమన్న అంటరా బిడ్డా?" వసుంధర మేడమ్ వచ్చి ఎదురుగా కూర్చుని, మత్తిచ్చి సన్నని సూదితో తీస్తారనీ, ఇక్కడ జరిగింది ఇక్కడి ఫైలు దాటి పోదనీ తీరిగ్గా చెప్పారు. యాదమ్మ తలూపింది.

మేడమ్ వెళ్లాక నేను ఉండబట్టలేక అడిగాను. "అమ్మా, అక్కడ డాక్టర్‌ను ఈ సంగతి మీరే అడిగారట. ఎలా తోచింది?"

"నేనేం సదువుకోలె బిడ్డా. మా ఊర్ల వరికి పురుగు మందు కొడితే పురుగులొక్కటే సావయి. మడిల కప్పలు సుత సస్తయి. గది యాదికొచ్చింది. సారూ, మీ మందు ఒక్క రోగాన్నే సంపుతదా, ఇంకేమన్న సంపుతదా అని అడిగిన. అప్పుడు చెప్పిండు ఇదంత."

"మరి, మీరు సరేనన్నారా?"

"నేనెట్ల అంట? పానం దానిది. నీకు కావాల్నా అని దాన్నే అడిగిన."

స్వరూప మధ్యలో అందుకుంది. "కావాలె అన్న. ఇద్దరు. ఒకరు కలెక్టర్, ఒకరు ఊకె తిరుగుడు."

మా అమ్మ డిగ్రీ చదివింది. మా తాతగారు ఉద్యోగానికని కోస్తా నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డప్పటి నుంచి మా ఇంట్లో పుస్తకాలకు కొదవ లేదు. మా ఇంటి చుట్టూ వరి మడులే లేవు. ఇలాంటి ఆలోచనలన్నీ ఆ కుర్చీలో కూర్చునే చేశాను. ఎదుట కాలు నొప్పితో పెదవి కొరుక్కుంటున్న పిల్లను చూసి జాలిపడాల్సిన చోట, అరటిపండు ఒలిచి ఆమె చేతిలో పెడుతున్న తల్లి చేతులనే చూస్తూ ఉండిపోయాను.

ఇంజెక్షన్లు ఆ రోజే మొదలయ్యాయి. కీమోకు ముందు ఒక రోజు పూర్తి విశ్రాంతి ఉండాలని అక్కడి డాక్టర్ షరతు. లెక్క వేస్తే స్వరూపకు దొరికింది తొమ్మిది రోజులు. తొమ్మిదో రోజు స్కాన్ చూసి వచ్చిన వసుంధర మేడమ్ ల్యాబ్‌లో చేతులు కడుక్కుంటూ అన్నారు. "ఇంకొక్క రోజు ఉంటే ఎంత బాగుండేదో. కొన్ని ఇంకా చిన్నవే ఉన్నాయి. చీటీ ఎప్పుడొచ్చింది మనకి?"

"మంగళవారం మేడమ్," అన్నాను.

ఇన్నేళ్లలో నేను పనిలో చెప్పిన అబద్ధం అదొక్కటే.

ఆ రాత్రి ఆఖరి సూది వేసి, ఒకటిన్నర రోజు ఆగి, శనివారం పొద్దున అండాలు తీశారు. మత్తు ఇచ్చే ముందు రోగి తన పేరు తానే చెప్పాలి. "స్వరూప! మా అమ్మ యాదమ్మ!" అన్న కేక అద్దం కిటికీ దాటి ల్యాబ్‌లోకి వినిపించింది. "చూశావా గొంతు? అరువు తెచ్చుకో కాస్త," అన్నారు మేడమ్ నాతో.

పదకొండు వచ్చాయి. వాటి చుట్టూ ఉండే మబ్బులాంటి పొర తీసేసి చూస్తే, పక్వానికి వచ్చిన అండం పక్కన చిన్న బుడగలాంటి కణం ఒకటి కనిపిస్తుంది. అది ఉన్నవాటినే గడ్డకట్టిస్తాం. ఒకటి, రెండు అని మేడమ్ లెక్కపెడుతున్నారు. ఆరింటికి ఉంది. ఐదింటికి లేదు. నేను ఆ ఐదింటిని చాలాసేపు చూశాను. వేలమంది అండాలను చూసిన కళ్లు నావి. ఎవరివి చూసినా నాకు ఎప్పుడూ ఏమీ అనిపించలేదు, అది నా పని. ఆ రోజు మాత్రం ముందు ఆ ఆరింటిని చూసి కుళ్లుకున్నాను. ఆ తర్వాత ఐదింటిని చూసి భయపడ్డాను. వీటికి కావలసిన రోజు నా డైరీలో ఉంది.

పక్వం కానివాటిని మేం సాయంత్రానికి పారేస్తాం. "రేపటిదాకా ఇంక్యుబేటర్‌లో ఉంచుదామా మేడమ్? ఒకోసారి మారతాయంటారు కదా," అన్నాను. ఇంక్యుబేటర్ అంటే అండాలను ఒంటి వేడిలో ఉంచే పెట్టె. "ఉంచు. ఆశ మాత్రం పెట్టుకోకు," అన్నారు.

ఆదివారం ల్యాబ్ ఉండదు. వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకుని ఏడున్నరకే వెళ్లాను. ఐదింటిలో రెండింటి పక్కన చిన్న బుడగలు వచ్చాయి. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను, ఉన్నాయి. వెంటనే గడ్డకట్టించాలి. చేయడం నాకు వచ్చు, కానీ సాక్ష్యం లేకుండా ముట్టుకోకూడదు. మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ ఇల్లు అశోక్‌నగర్‌లోనే.

"రెండా? నేను వచ్చేదాకా గిన్నె కదపకు," అని పెట్టేశారు. వంట మధ్యలోనే లేచి, పావుగంటలో ఆటో దిగారు. చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగినా వేళ్ల మీద పసుపు పోలేదు. గ్లవ్స్ వేసుకున్నారు. ఆవిడ చేశారు, నేను చదివాను. స్వరూప, తల్లి యాదమ్మ. రెండు అండాలూ పుల్లలాంటి సన్నని ప్లాస్టిక్ స్ట్రా చివర కూర్చుని ద్రవ నైట్రోజన్‌లోకి వెళ్లాయి. మొత్తం ఎనిమిది.

గ్లవ్స్ తీస్తూ మేడమ్ అడిగారు. "అది సరేగానీ, ఆదివారం పూట నిన్ను రమ్మన్నదెవరు?"

నేను డైరీలోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ తేదీ చూశారు.

"సోమవారం."

"అవును మేడమ్."

"నాతో మంగళవారం అన్నావు. ఎందుకు?"

అప్పుడు చెప్పాను. నాలుగు వాక్యాలు పట్టింది. ఆ నాలుగూ నేను అంతకుముందు ఎవరితోనూ అనలేదు. మేడమ్ స్టూల్ మీద కూర్చుండిపోయారు. నన్ను దగ్గరికి తీసుకుంటారేమోనని ఒక క్షణం అనుకున్నాను.

"నీ కష్టం నాకు తెలియదు నీరజా. ఇన్నాళ్లూ పక్కనే ఉండి కనుక్కోలేదు, దానికి బాధగా ఉంది. కానీ ఆ రోజు నీది కాదు. ఆ పిల్లది." చీటీ నా వైపు జరిపి, "ఫైలులో రాయి. ఆ అమ్మాయికీ చెప్పాలి, నువ్వే చెప్పాలి. ఇప్పుడు కాదు, వైద్యం పూర్తయ్యాక," అన్నారు.

రాశాను. చీటీ అందింది సోమవారం, ఫోన్ చేసింది మంగళవారం మధ్యాహ్నం, ఆలస్యానికి కారణం నేను. కింద నా సంతకం, పక్కన సాక్షిగా ఆవిడది. మిగిలిన మూడూ ఆ సాయంత్రానికీ మారలేదు. పారేసి, అదీ రాశాం. ఆ తర్వాత ఆరు నెలలు నేను చీటీలు ముట్టుకోకుండా మేడమ్ తానే చూసుకున్నారు.

మరుసటి ఏడాది చలికాలం. నాకు సెలవు దొరికితే చిక్కడపల్లి లైబ్రరీలో నవలల అల్మారాల దగ్గర గడపడం అలవాటు. స్వరూప అక్కడే చదువుతుందని తెలుసు కాబట్టి ఆ ఏడాదంతా ఎక్కువ వెళ్లలేదు. వైద్యం అయిపోయిందని కబురు తెలిశాక, అందుకోసమే వెళ్లాను. నన్ను ఆమే ముందు చూసింది. చేతికర్ర, జానెడు కూడా లేని ఉంగరాల జుట్టు.

"అక్కా! నా గుడ్లు ఎట్లున్నయి?"

రీడింగ్ హాలులో తలలన్నీ లేచాయి. పేపర్ చదువుతున్న పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నారు. నేను ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. మెట్ల మీద కూర్చున్నాం. ఆమె రెండు టీలు చెప్పింది.

"మంచిగున్నాయి. వారం వారం నేనే చూస్తాను."

"మంచిగుండాలె. లోపలి దుకాణం బందైంది. నెలసరి ఇంకా రాలె. వస్తే వస్తది లేకుంటే లేదన్నడు డాక్టర్."

నేను చెప్పాను. టీ గ్లాసు వైపు చూస్తూ, ఆగకుండా చెప్పాను. చీటీ, డైరీ, మంగళవారం, పదకొండు, ఎనిమిది.

"అంటే మూడు పోయినయి," అంది.

"ఒక రోజు ముందు మొదలుపెట్టి ఉంటే దొరికేవో లేదో ఖాయంగా చెప్పలేం. దొరికే అవకాశం ఉండేది."

"ఆ మూడిట్లనే కలెక్టర్ ఉంటే?" నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నాకు కోపమొస్తున్నది అక్కా. జరసేపు మాట్లాడకు."

టీ మీద మీగడ కట్టింది. మెయిన్ రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. చాలాసేపటికి అడిగింది. "ఎందుకు చేసినవ్?"

"మీ అమ్మ అడిగింది. నిన్నూ అడిగింది. నన్నెవరూ అడగలేదు." నా సంగతి కూడా చెప్పాను. ఫైలులో ఉన్న వాక్యం చెప్పాను.

ఆమె నా మొహంలోకి వింతగా చూసింది. "అంటే, నా మీద కుళ్లుకున్నవా?"

"అవును."

"నా కాలు జూసి, నా రోగం జూసి కుళ్లుకున్న మనిషివి ఈ పట్నంల నువ్వొక్కదానివే ఉంటవ్." ఈసారి నిజంగానే నవ్వింది. ఆ నవ్వు మాఫీ కాదని నాకు తెలుసు, ఆమె కూడా అలా అనలేదు. లేవడానికి కర్ర అందుకుంటూ అడిగింది. "మీ అమ్మను అడిగినవా, ఎందుకు వద్దన్నదో?"

"లేదు."

"ఎన్నేండ్లాయె ఆ కాయితం జూసి?"

"నాలుగు."

"నాలుగేండ్లు అమ్మను అడగకుంట నా మీద పడ్డవా? పో అక్కా. ముందు ఇంటికి పో."

ఇంటికి వెళ్లాను. లైబ్రరీ నుంచి మా సందు ఐదు నిమిషాలు. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బీరువా మీది ఫైలు దించి, ఆ పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాను. కళ్లజోడు తెచ్చుకుని చదివింది.

"ఇదెప్పుడు చూశావు?"

"నాలుగేళ్లయింది."

"అప్పటి నుంచీ ఇది మనసులో పెట్టుకునే నా పక్కన కూర్చుని అన్నం తింటున్నావా?"

అమ్మ వేళ్లు ఒలిచిన గింజల్లో తిరుగుతూ ఉన్నాయి. "వరండాలో అడిగాడు డాక్టరు. నిన్ను అడిగి చెబుతానన్నాను. లోపలికి వచ్చాను కూడా. మూడు రోజుల జ్వరం తర్వాత ఆ పూటే నీకు కాస్త నిద్ర పట్టింది. లేపబుద్ధి కాలేదు. బయటికి వెళ్లి సంతకం పెట్టాను."

ఆ తర్వాత ఇద్దరం కలిసి మిగిలిన చిక్కుడుకాయలు ఒలిచాం. అమ్మను క్షమించానో లేదో ఇప్పటికీ రాయలేను. స్వరూప మీద అసూయ పోయిందని కూడా రాయలేను. మంగళవారాల్లో స్కేలు ముంచి మంచు గీత చూసేటప్పుడు, ఆమె స్ట్రాలున్న ట్యాంకు దగ్గర నా చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ ఆగుతుంది. కానీ ఆ కేసు నాకు నేర్పింది ఒకటుంది, దాన్ని పనిలో పెట్టాను.

చీటీలు మళ్లీ నా చేతికి వస్తున్నాయి. వచ్చిన నిమిషంలోనే ఫోన్ చేస్తాను. తల్లి ఎత్తుతుంది, లేదా అన్న ఎత్తుతాడు. అమ్మాయికి ఇవ్వమంటాను. పండుకున్నది మేడమ్, మాకు చెప్పండి, మేం చెప్తం అంటారు చాలామంది. వాళ్ల గొంతుల్లో ఉన్నది ప్రేమేనని నాకు తెలుసు.

"లేపండి," అంటాను.

ఆ ఒక్క మాట ల్యాబ్ అవతలి గోడ దాకా వినపడుతుందని వసుంధర మేడమ్ అంటారు.